సైన్యం ప్రభుత్వం మాట ఎందుకు వింటుంది? లెక్కల శాఖలో పనిచేసినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1947లో బ్రిటిష్ ఇండియా సైన్యం రెండుగా చీలింది. ఒకే అకాడమీల్లో చదివిన అధికారులు, ఒకే మెస్సు మర్యాదలు, ఒకే డ్రిల్లు. పదకొండేళ్లు తిరిగేసరికి పాకిస్తాన్‌లో జనరల్ గద్దె ఎక్కాడు, ఇక్కడ ఎక్కలేదు. ఇది మన అధికారుల మంచితనమా, నెహ్రూ తెలివా, రాజ్యాంగంలో రాసుకున్న అధికరణం బలమా? కొత్తగా ప్రజాస్వామ్యంలోకి అడుగుపెట్టిన దేశం సైన్యాన్ని పౌర ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉంచుకోవాలంటే ముందుగా ఏం చేయాలి?

నేను సైనికుణ్ని కాను. రక్షణ లెక్కల శాఖలో ఆడిటర్‌గా చేరి అకౌంట్స్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం సికింద్రాబాద్, కొన్నాళ్లు పుణె, మూడేళ్లు ఈశాన్యం. యూనిఫారం వేసుకున్నవాళ్ల మధ్య మామూలు చొక్కాతో, చంకలో ఫైలుతో తిరిగిన ఉద్యోగం. నా జవాబు పద్దుల వైపు కాస్త ఒరిగితే సర్దుకోండి.

ముందు సూటిగా చెబుతాను. అధికారుల మంచితనం మీద ఆధారపడితే పౌర ఆధిపత్యం పట్టుమని పదేళ్లు నిలవదు. ఒక్క చట్టం రాసినా సరిపోదు. సైన్యానికి డబ్బు ఎవరు మంజూరు చేస్తారు, జనరల్‌ను ఎవరు నియమించి ఎవరు ఇంటికి పంపుతారు, సైన్యాన్ని వీధిలోకి ఎవరు పిలిచి ఎవరు వెనక్కి పంపుతారు: ఈ మూడు చోట్లా పౌర ప్రభుత్వం సంతకం మొదటి అయిదారేళ్లలోనే అలవాటుగా మారాలి. ఆ సంతకం పెట్టే కుర్చీలో జనం ఓటేసి పంపిన మనిషి ఉండాలి. పాకిస్తాన్‌కు దెబ్బ తగిలింది ప్రధానంగా ఈ చివరి విషయంలో. 1947 నుంచి 1958 దాకా అక్కడ ఏడుగురు ప్రధానులు మారారు. రాజ్యాంగం రావడానికి 1956 దాకా పట్టింది, దేశమంతటా మొదటి సాధారణ ఎన్నికలు జరగడానికి 1970 దాకా పట్టింది. మనం 1949లోనే రాజ్యాంగం రాసుకుని 1952కల్లా మొదటి ఎన్నికలు ముగించాం. ఖాళీ ఇంట్లోకి ఎవరైనా దూరతారు. మనుషులున్న ఇంట్లోకి దూరాలంటే ముందు తలుపు బద్దలుకొట్టాలి.

ఇక వివరాలు.

హోదా తగ్గించడం. బ్రిటిష్ హయాంలో కమాండర్ ఇన్ చీఫ్ అంటే మామూలు మనిషి కాదు. జనం నోట ఆయన జంగీ లాట్ సాహెబ్. వైస్రాయ్ తర్వాత స్థానం ఆయనదే. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు కూడా కావడంతో, ఇప్పటి మాటల్లో చెప్పాలంటే సైన్యాధిపతీ రక్షణ మంత్రీ ఒక్కడే. 1946 సెప్టెంబర్ 2న తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడినప్పుడు ఆ రెండో పని రాజకీయ నాయకుడు బల్‌దేవ్ సింగ్ చేతికి వచ్చింది. స్వాతంత్ర్యానికి ఏడాది ముందే పడిన మొదటి మేకు అది. మరుసటి ఏడాది ఆగస్టు 15 నుంచి మూడు దళాలకూ వేరువేరు అధిపతులు వచ్చారు, అందరి మీదా ఒకే సైనికుడు కూర్చునే పీట పోయింది. 1948లో నెహ్రూ నివాసం ఏ ఇంట్లోకి మారిందో చూడండి: కమాండర్ ఇన్ చీఫ్ ఉండే ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్‌లోకి. తర్వాత తీన్‌మూర్తి భవన్ అన్నది దాన్నే. ఏ గెజెట్‌లోనూ అచ్చు వేయనక్కరలేని ప్రకటన అది, ఢిల్లీలో ప్రతి తోటమాలికీ అర్థమై ఉంటుంది. ఇక 1955లో పార్లమెంటు చట్టం చేసి కమాండర్ ఇన్ చీఫ్ అన్న బిరుదునే తీసేసింది. ఆ ఏప్రిల్ నుంచి ఆయన సైన్యానికి 'చీఫ్ ఆఫ్ స్టాఫ్' మాత్రమే. 53వ అధికరణం ప్రకారం సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతిది, ఆయన నడుచుకునేది మంత్రిమండలి సలహా మీద.

ఇక్కడ చిన్న సంగతి. 1947 ఆగస్టు 15 జెండా వందనానికి జనాన్ని దూరంగా ఉంచాలని అప్పటి సైన్యాధిపతి రాబ్ లాక్‌హార్ట్ ఏర్పాట్లు చేయించారు. నెహ్రూ ఆ ఉత్తర్వును రద్దు చేయడమే కాదు, సైన్యంలోనైనా మరెక్కడైనా ప్రభుత్వ విధానమే చెల్లుతుందని ఆయనకు లేఖ రాశారు. జెండా వందనానికి ఎవరు రావాలన్నది చిన్న విషయమే. చిన్న విషయాల దగ్గర వదిలేస్తే పెద్ద విషయాల దగ్గర పట్టు దొరకదు.

డబ్బు. ఇది నా ఇలాకా కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుతాను.

1980ల మొదట్లో, నాకు ఇరవయ్యారేళ్లప్పుడు, ఒక యూనిట్ నుంచి ఖర్చుల బిల్లు నా బల్ల మీదకు వచ్చింది. పెద్దాయన ఎవరో తనిఖీకి వచ్చినందుకు షామియానా, కుర్చీలు అద్దెకు తెచ్చారు. నాలుగు వేల రెండు వందల చిల్లర. అంత ఖర్చు సొంతంగా మంజూరు చేసే అధికారం కమాండింగ్ ఆఫీసర్‌కు లేదు, పైవారి మంజూరు ఉత్తర్వు జతచేయలేదు. అభ్యంతరం రాసి తిప్పి పంపాను. మూడో రోజు ఆఫీసు ముందు జోంగా జీపు ఆగింది. లెఫ్టినెంట్ కల్నల్ స్వయంగా వచ్చారు. మీసాల మనిషి, ఛాతీ మీద 1971 యుద్ధం రిబ్బన్లు. నా బల్ల ముందు నిలబడి, 'నువ్వు ఎప్పుడైనా బోర్డర్ చూశావా?' అని గట్టిగా అడిగారు. గది మొత్తం తలెత్తి చూసింది. నా నోట మాట రాలేదు. మా సెక్షన్ ఆఫీసర్ లేచి, కుర్చీ చూపించి, టీ తెప్పించి, 'సార్, కుర్రాడు రాసింది రూలే, మీరు పైనుంచి మంజూరు తెప్పించండి, ఆ రోజే పాస్ చేస్తాం' అన్నారు. కల్నల్ టీ తాగారు. బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. మంజూరు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ కాంట్రాక్టర్ యూనిట్ గేటు చుట్టూ తిరిగాడు.

ఆ రోజు నాకు కోపం మాత్రమే వచ్చింది. దాని అర్థం చాలా ఏళ్లకు గాని బోధపడలేదు. ఆయన చేతి కింద ఎనిమిది వందల మంది సాయుధులు. నా చేతిలో రెండు రూపాయల పెన్ను. అయినా ఆయన ఆ కాగితం కోసం నాలుగు నెలలు ఆగారు. నాకు భయపడి ఆగారా? కాదు. ఆయన పైఅధికారి కూడా ఆగేవాడే, ఆ పైఅధికారి జీతం బిల్లు కూడా ఎక్కడో ఒక పౌర ఉద్యోగి బల్ల మీద నుంచి రావలసిందే, ఇది అందరికీ తెలుసు కాబట్టి ఆగారు. సైన్యంలో ఆఫీసర్ల జీతాల లెక్కలు పుణెలో మా శాఖ చేతిలో ఉంటాయి. జవాన్ల లెక్కలు రెజిమెంటల్ సెంటర్‌ను అంటిపెట్టుకున్న పే అకౌంట్స్ ఆఫీసులో ఉంటాయి, కానీ ఆ ఆఫీసు సెంటర్ కమాండెంట్ కింద ఉండదు. జవాను జీతం అతని కమాండర్ దయ కాదన్నమాట. కమాండర్ తిరగబడదామని అనుకున్నా, ఒకటో తారీకున తన మనుషులకు జీతాలు తాను ఇవ్వలేడు.

దీన్ని తిరగేసి చూస్తే మరీ స్పష్టం. సొంత సంపాదన ఉన్న సైన్యం ఎవరి మాటా వినదు. ఇండోనేషియాలో సైనిక పాలకుడు సుహార్తో కాలమంతా సైన్యానికి సొంత వ్యాపారాలు, సహకార సంఘాలు, ఫౌండేషన్లు ఉండేవి. బడ్జెట్‌లో వచ్చేది ఖర్చులో ఒక భాగమే. అలాంటప్పుడు పార్లమెంటు పద్దు కోస్తానని బెదిరిస్తే ఎవరికి లెక్క? సుహార్తో 1998లో దిగిపోయాక వాళ్లు చేసిన సంస్కరణల్లో నాకు బాగా నచ్చినది, ఆ వ్యాపారాలను అయిదేళ్లలో ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని 2004 చట్టంలో గడువు పెట్టడం. అమలు అంతంత మాత్రమే అయిందనుకోండి, కానీ రోగం ఎక్కడుందో పట్టుకున్నారు. పాకిస్తాన్‌లో ఫౌజీ ఫౌండేషన్ మాజీ సైనికుల సంక్షేమం పేరుతో 1954లో మొదలైంది. ఈనాడు ఎరువులు, సిమెంటు దాకా విస్తరించింది.

మన దగ్గర అంతా సవ్యమేనని చెప్పను. 'పబ్లిక్ ఫండ్' (ప్రభుత్వ డబ్బు) వేరు, 'రెజిమెంటల్ ఫండ్' (యూనిట్ సొంత నిధి) వేరు అని సర్వీసులో చేరిన మొదటి నెలలోనే నేర్పుతారు. మొదటిది మేం చూస్తాం. రెండోదాన్ని యూనిట్ ఆఫీసర్ల బోర్డే చూసుకుంటుంది. క్యాంటీన్ లాభాలు, గోల్ఫ్ మైదానాలు ఏ గూటికి చెందుతాయన్న దాని మీద ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్‌కూ సైన్యానికీ చాలా వాదన నడిచింది. మొత్తంలో చిన్న మొత్తాలే. అయినా కొత్త దేశం ఎవరైనా నన్ను సలహా అడిగితే, ఆ రెండో గూడు పెట్టనే పెట్టకండి అంటాను.

వీధిలోకి పిలవడం, వెనక్కి పంపడం. మీరు పాకిస్తాన్‌తో పోల్చారు కాబట్టి రెండు నగరాలను పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఒకటి మన హైదరాబాద్.

1948 సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైంది, అయిదో రోజుకు ముగిసింది. నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి. ఆ చౌదరే మిలిటరీ గవర్నర్ అయ్యారు. కోటిన్నరకు పైగా జనాభా ఉన్న సంస్థానాన్ని 1949 చివరిదాకా ఒక సైనిక జనరల్ పాలించాడన్నది మన పిల్లల్లో చాలామందికి తెలియదు. కాగితాలు, చట్టాలు అన్నీ ఆయన పేరు మీదే. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1949 ఆగస్టులో వచ్చింది ఆ పాలనలోనే. ఆ కాలానికి చీకటి వైపు కూడా ఉంది. పోలీస్ యాక్షన్ తర్వాత ముస్లింల మీద జరిగిన దాడులను కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. తెలంగాణ పల్లెల్లో సాయుధ రైతాంగం మీద సాగిన అణచివేత గురించి మా అత్తగారి ఊళ్లో ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. కాబట్టి ఇదేదో బంగారు కాలమని నేను అనడం లేదు. నేను అనేది ఒకటే: ఆ జనరల్ వచ్చాడు, వెళ్లాడు.

ఎలా వెళ్లాడు? ఆయన పక్కన మొదటి రోజు నుంచే డి.ఎస్. బాఖ్లే అనే ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు) అధికారిని చీఫ్ సివిల్ అడ్మినిస్ట్రేటర్‌గా కూర్చోబెట్టారు. జిల్లాలకు మద్రాసు, బొంబాయి రాష్ట్రాల నుంచి, మధ్య పరగణాల నుంచి సివిల్ అధికారులను రప్పించారు. (ఆ రప్పించడమే తర్వాత స్థానికులకే ఉద్యోగాలన్న 1952 ముల్కీ ఉద్యమానికి ఒక కారణమైంది. ఒక చిక్కు విప్పబోతే ఇంకోటి పడింది.) పైనుంచి ఢిల్లీలో సర్దార్ పటేల్ సంస్థానాల శాఖ పగ్గం పట్టుకుని ఉంది. చౌదరి తర్వాత ఐసీఎస్ అధికారి ఎం.కె. వెల్లోడి వచ్చారు, 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు వచ్చారు. జనరల్, సివిల్ అధికారి, ఎన్నికైన ముఖ్యమంత్రి: నాలుగేళ్లలోపు మూడు మెట్లు. గోవాలోనూ ఇదే వరస. 1961 డిసెంబర్‌లో మేజర్ జనరల్ కాండెత్ మిలిటరీ గవర్నర్, మరుసటి జూన్‌కల్లా పౌర పాలన.

రెండో నగరం లాహోర్. 1953 మార్చిలో అహ్మదీయులు అనే మత వర్గానికి వ్యతిరేకంగా అల్లర్లు చెలరేగాయి. రాష్ట్ర ప్రభుత్వం చేతులెత్తేసింది. మార్షల్ లా (సైనిక పాలన) పెట్టి మేజర్ జనరల్ ఆజం ఖాన్‌కు నగరాన్ని అప్పగించారు. సైన్యం అల్లర్లు అణచి అక్కడితో ఆగలేదు. వీధులు ఊడిపించింది, గోడలకు సున్నాలు వేయించింది, నగరాన్ని శుభ్రం చేసే కార్యక్రమం నడిపింది. రెండు నెలలకు పైగా ఉండి వెళ్లింది. వెళ్లేనాటికి జనం మనసులో ఒక పోలిక మిగిల్చింది: రాజకీయ నాయకులు చేయలేనిది వీళ్లు చేశారు. అధికారుల మనసులోనూ అదే మిగిలింది, అది ఇంకా ప్రమాదం. మరుసటి ఏడాది అక్టోబర్‌లో గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ రాజ్యాంగ సభను రద్దు చేసి, సైన్యాధిపతిగా ఉండగానే అయూబ్ ఖాన్‌ను రక్షణ మంత్రిగా తీసుకున్నారు. మనం 1946లో విడదీసిన రెండు కుర్చీలను వాళ్లు 1954లో మళ్లీ కలిపారు. 1958 అక్టోబర్ 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా మార్షల్ లా ప్రకటించారు, 27న అయూబ్ ఆయన్నే పంపేశారు. తిరుగుబాటు అని మనం అనుకునేది ఆ ఇరవై రోజుల్లో జరగలేదు. అంతకు ముందు అయిదేళ్లలో జరిగింది.

ఈ విషయంలో మన దగ్గర ఉన్న కట్టడి మామూలుగా కనబడుతుంది. అల్లరి మూకను చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిచేది మేజిస్ట్రేట్, పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) ప్రకారం 130వ సెక్షన్. మేజిస్ట్రేట్ అందుబాటులో లేని అత్యవసరంలో మాత్రమే సైనికాధికారి తనంతట తాను దిగవచ్చు, వీలైన వెంటనే మేజిస్ట్రేట్‌తో మాట్లాడాలి. వరదలప్పుడూ ఇంతే. ఒక ఏడాది గోదావరి వరదల తర్వాత పడవలు, లారీలు, జవాన్ల భత్యాల లెక్క తీసి రాష్ట్ర ప్రభుత్వం నుంచి రాబట్టే బిల్లుల మీద నేను పనిచేశాను. ఔను, సైన్యం సాయానికి వస్తే బిల్లు వేస్తారు. వినడానికి మనసు నొచ్చుకుంటుంది. కానీ ఆ బిల్లు వెనక తప్పనిసరిగా ఉండవలసిన కాగితం ఒకటుంది: జిల్లా యంత్రాంగం రాసిచ్చిన అభ్యర్థన, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని. వరద నీటిలో తడిసి, సిరా అలుక్కుపోయి, అట్టలా బిగుసుకుపోయిన అలాంటి కాగితాన్ని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి ఫైలులో కుట్టాను. ఎవరు పిలిచారు, ఎప్పుడు పొమ్మన్నారు అనేది రాతలో ఉండాలి. అలవాటు అంటే అదే.

ఈశాన్యంలోనూ కశ్మీర్‌లోనూ సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం కింద జరిగింది వేరు. అక్కడ పిలుపు ఉంది, తిరిగి పంపడం దశాబ్దాలు సాగింది. మన పౌర ఆధిపత్యం గురించి గొప్పలు చెప్పేటప్పుడు ఇంఫాల్‌లో కూర్చున్నవాడికి అది ఎలా వినిపిస్తుందో గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఉన్న మూడేళ్లలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అనిపిస్తుంది.

నియామకం, పదవీకాలం. 1951 నుంచి 1958 దాకా పాకిస్తాన్‌కు ఒక్కడే సైన్యాధిపతి, అయూబ్. 1949 నుంచి 1958 లోపు మనకు నలుగురు: కరియప్ప, రాజేంద్రసింహ్‌జీ, శ్రీనగేశ్, తిమ్మయ్య. ఇంతకు మించిన పెద్ద వివరణ అక్కరలేదు. ఏడేళ్లు ఒకే కుర్చీలో ఉన్నవాడు తన మనుషులను నింపుకుంటాడు. ఇప్పుడు మన దగ్గర మూడేళ్లు లేదా 62 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. దిగినవాళ్లకు మర్యాదగా వేరే పని చూపడం కూడా పాత ఉపాయమే. కరియప్పను ఆస్ట్రేలియాకు, ఆ తర్వాత కాలంలో చౌదరిని కెనడాకు హైకమిషనర్లుగా పంపారు. శ్రీనగేశ్ మన హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు, 1962లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు. కరియప్పకు రాజకీయాభిప్రాయాలు దండిగా ఉండేవి. పదవిలో ఉండగా ఆర్థిక విషయాల మీద మాట్లాడుతుంటే నెహ్రూ వారించవలసి వచ్చింది. 1971లో ఆయన బొంబాయిలో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. జనరల్‌కు రాజకీయాల మీద మోజు ఉంటే తీర్చుకోవలసిన చోటు అదే, బ్యాలెట్ పెట్టె.

గొడవలు రాలేదని కాదు. 1998 డిసెంబర్ 30న పదవిలో ఉన్న నౌకాదళాధిపతి విష్ణు భగవత్‌ను ప్రభుత్వం తొలగించింది. ఆ నిర్ణయం సరైనదా అన్నది వేరే చర్చ, నాకు అనుమానాలున్నాయి. ఒక్క నౌక లంగరు మాత్రం కదలలేదు. 2012లో సైన్యాధిపతి వి.కె. సింగ్ తన పుట్టిన తేదీ వివాదంలో ప్రభుత్వం మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. అది చూసి చాలామంది సిగ్గుచేటన్నారు. నేను మాత్రం మా ఆవిడతో, 'ట్యాంకులున్నవాడు వకీలును పెట్టుకున్నాడు, హాయిగా నిద్రపో' అన్నాను.

ఇక జాగ్రత్త చెప్పవలసిన చోటు. అదుపులో పెట్టడం అంటే సైన్యం పనిని మంత్రి చేయడం కాదు. 1959లో తిమ్మయ్య రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పడక రాజీనామా ఇచ్చారు, నెహ్రూ నచ్చజెప్పి వెనక్కి తీసుకునేలా చేశారు, తర్వాత లోక్‌సభలో పౌరాధికారమే సర్వోన్నతమని ప్రకటించారు. సూత్రం నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ సూత్రం చాటున ప్రమోషన్లలో ఇష్టాయిష్టాలు దూరాయి. పోరాట అనుభవం తక్కువున్న బి.ఎం. కౌల్‌కు 1962 అక్టోబర్‌లో ఈశాన్య సరిహద్దులో కొత్త కోర్ (పెద్ద సైనిక దళం) అప్పగించారు. తర్వాత చైనా యుద్ధంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. మీనన్ పదవి పోయింది, సైన్యాధిపతి థాపర్ పదవీ పోయింది, ఆ ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ ఇచ్చిన నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు. ఎక్కడికి పోవాలో, ఎందుకు పోరాడాలో, ఎంత ఖర్చు పెట్టాలో ప్రభుత్వం చెప్పాలి. ఏ కొండ మీద ఏ కంపెనీ నిలబడాలో చెప్పకూడదు.

రెండో లోపం మా జాతిదే, అంటే గుమాస్తాలది. ఎన్నికైనవాడి ఆధిపత్యం అని మొదలుపెట్టి, దాన్ని అండర్ సెక్రటరీ ఆధిపత్యంగా దిగజార్చాం. యుద్ధ విషయం తెలియనివాడు ఫైలు మీద ప్రశ్న రాయడం, జవాబు వస్తే ఇంకో ప్రశ్న రాయడం. శీతల ప్రాంతం దుస్తుల కొనుగోలు ఫైలొకటి రెండు చలికాలాలు తిరగడం నా కళ్లారా చూశాను. అందులో నా ప్రశ్నా ఒకటుంది, తలుచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. 2019 చివర్లో మూడు దళాల తరఫునా ఒకరు ఉండేలా చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి పెట్టి, రక్షణ శాఖలోనే సైనిక వ్యవహారాల విభాగం తెరిచి, కొంత పని యూనిఫారం ఉన్నవాళ్ల చేతికి ఇవ్వడం ఆలస్యంగానైనా మంచిదే. 1947లో ఒకే పీట వద్దనుకోవడానికి కారణం ఉంది. డెబ్బై ఏళ్ల తర్వాత, కుర్చీలో మనిషి గట్టిగా కూర్చున్నాక, ఆ భయం తగ్గింది. కొత్త దేశం మాత్రం ఈ పని మొదట పెట్టుకోకూడదు.

సైన్యంలో ఎవరున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది, క్లుప్తంగా చెబుతాను. విభజనతో పంజాబీ ముస్లింలు, పఠాన్లు ఎక్కువ భాగం అటు వెళ్లారు, పాకిస్తాన్ సైన్యంలో పశ్చిమ పంజాబ్ మాటే చెల్లింది, తూర్పు బెంగాల్‌కు చోటు నామమాత్రం. ఇక్కడ కుల ప్రాంతాల పేరు మీద రెజిమెంట్లు అలాగే ఉన్నా, 1949లో అన్ని ప్రాంతాలవాళ్లతో గార్డ్స్ రెజిమెంట్ లాంటిది పెట్టారు. పశ్చిమ గోదావరి మిలిటరీ మాధవరం కుర్రాడూ, గఢ్వాల్ కుర్రాడూ, కూర్గ్ జనరల్‌ గారూ ఒకే మాట మీదకు వచ్చి ఢిల్లీ మీదకు నడవడం ఊహకే కష్టం.

చివరికి మీ అధికరణం ప్రశ్న. రాజ్యాంగంలో రాస్తే చాలదా అన్నారు. చాలదు. పైగా తప్పుగా రాస్తే అదే ఉరి. మయన్మార్ 2008 రాజ్యాంగం పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు సైన్యానికే ఇచ్చింది. రక్షణ, హోం, సరిహద్దు శాఖల మంత్రులను సైన్యాధిపతే పంపుతాడు. దాని మీద ఎన్నికల ప్రభుత్వాన్ని నిలబెట్టి ప్రజాస్వామ్యం వచ్చిందన్నారు. 2021 ఫిబ్రవరి 1న తెల్లవారేసరికి అది లేదు. నేపాల్ ఇంకో రకం పాఠం. 2009లో ప్రధాని ప్రచండ సైన్యాధిపతి కటవాల్‌ను తొలగించారు, రాష్ట్రపతి రామ్‌వరణ్ యాదవ్ ఉండమన్నారు, చివరికి రాజీనామా చేసింది ప్రధాని. తొలగించే సంతకం ఎవరిదో రెండు అర్థాలు వచ్చేలా ఉంటే, ఇద్దరు పౌరులు కొట్టుకుంటారు, జనరల్ నిలబడి చూస్తాడు. కాబట్టి మీరు ఏ కొత్త దేశం గురించి వ్యాసం రాస్తున్నా, దాని రాజ్యాంగంలో సర్వసైన్యాధిపతి ఎవరు అన్న వాక్యం దగ్గర ఆగకండి. బడ్జెట్ పుస్తకం తెరవండి, సైన్యం పద్దు ఒక్క అంకెగా ఉందా, విడివిడిగా ఉందా చూడండి. గత పదేళ్లలో సైన్యాధిపతులు ఎందరు మారారు, దిగినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు చూడండి. పోలీసు ఎవరి కింద ఉందో చూడండి.

మన దగ్గర ఇక ఆ ప్రమాదం లేదా అని కూడా అడిగారు. జనరల్ రేడియో స్టేషన్ పట్టుకునే ప్రమాదం నాకు కనబడదు. నాకు కనబడేది వేరు: నాయకులే సైన్యాన్ని ఎన్నికల్లోకి లాక్కురావడం. 2013లో ఒకసారి, 2019 మార్చిలో మరోసారి, ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడవద్దని ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పవలసి వచ్చింది. ఆ 2019 వేసవిలోనే మా వీధి చివర ఒక ఫ్లెక్సీ కట్టారు. అభ్యర్థి నమస్కారం పెడుతున్నాడు, వెనక యూనిఫారంలో జవాన్ల వరస. మా పక్కింటి రిటైర్డ్ సుబేదార్ గారు ఉదయం నడకకు వెళ్తూ దాని ముందు ఆగి, వాచీ చూసుకుని, ఇంటికొచ్చి ఎన్నికల సంఘం 1950 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించారు. సాయంత్రానికి తీసేశారు.